‘డార్మెంట్’ తరువాతి లైను

ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మకూడదు. తుమ్ము ఆగేలా లేకపోతే వెనక వరండాలోకి పరుగెత్తి, తలుపు వేసుకుని, అక్కడ తుమ్మి రావాలి. కాలింగ్ బెల్లుకి పాత తువ్వాలు చుట్టేశారు కాబట్టి ఎవరు నొక్కినా ‘టుప్’మని మాత్రం అంటుంది. మిక్సీ వంటింట్లోంచి వరండాలోకి వలస పోయింది. ఇవన్నీ పెద్దత్తయ్య పెట్టిన రూల్సు. మూడు నెలలుగా ఇంటిల్లిపాదీ కిక్కురుమనకుండా పాటిస్తున్నారు.

పెద్దత్తయ్య ఆ ఇంటి పెద్దాయనకి అక్క. తమ్ముడి భార్య పోయాక వంటిల్లు చూసుకోవడానికని వచ్చి, మెల్లగా ఇల్లంతా తన చేతుల్లోకి తీసుకుంది. పెద్దాయన్ని వీధిలో అందరూ ‘అక్షరాలాయన’ అంటారు. నలభై ఏళ్లుగా దుకాణాలకి బోర్డులు రాయడమే ఆయన పని. ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఏ గుమ్మం నెత్తిన చూసినా ఆయన చేతిరాతే కనిపిస్తుంది. ఇంగ్లీషు కూడా రాస్తాడు గానీ చదవలేడు. ఎవరైనా కాయితం మీద రాసిస్తే ఆ ఒంపులు చూసి, వాళ్లు రాసిచ్చిన దానికంటే అందంగా బోర్డెక్కిస్తాడు.

తొమ్మిది నెలల కిందట ఎదురుగా ఉన్న బేకరీకి బోర్డు రాస్తూండగా దగ్గు తెర వచ్చి, నిచ్చెన నాలుగో మెట్టు మీంచి పడిపోయాడు. ఊపిరితిత్తుల్లో జబ్బన్నారు. ఆరు నెలలు గుప్పెళ్లకొద్దీ మందులు మింగించారు. చివరి పరీక్షలయ్యాక ఆస్పత్రి కౌంటర్లో ఒక కవరు చేతికిచ్చారు. డాక్టరమ్మ ఆరోజు సెలవులో ఉంది. కవర్లోని ఇంగ్లీషు ఉత్తరాన్ని ఇంటికొచ్చాక కూతురే చదివి చెప్పింది. ఆమె హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఆ ఇంట్లో ఇంగ్లీషు కాయితం ఏదొచ్చినా ఆమె చేతిలోకే వెళ్తుంది.

“జబ్బు ఇప్పుడు ‘డార్మెంట్’ అని రాశారు నాన్నా. అంటే నిద్రపోతోందన్నమాట. ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకోవాలి. పొగకీ ఘాటు వాసనలకీ దూరంగా ఉండాలి. అంతే,” అని గబగబా కాయితం మడిచేసింది.

“నిద్రపోతోందా? అయితే పోలేదన్నమాట!” అంది పెద్దత్తయ్య గుండెల మీద చెయ్యేసుకుని.

“పోలేదత్తయ్యా. పడుకుంది.”

“పడుకున్నదాన్ని ఎవరైనా లేపుకుంటారా!” అంటూ ఆవిడ అప్పటికప్పుడు బెల్లుకి తువ్వాలు చుట్టింది. అది చూసి కూతురు నవ్వుతుందనుకున్నాడు అల్లుడు. ఆమె నవ్వలేదు, వద్దనీ అనలేదు.

ఆ రోజు నుంచీ అక్షరాలాయన స్థానం కిటికీ పక్క కుర్చీ. కుంచెలు, రంగు డబ్బాలు మేడ మీద గదిలోకి, ఆ గది తాళం పెద్దత్తయ్య బొడ్లోకి వెళ్లిపోయాయి. అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది మాత్రం అల్లుడే. అతను కళ్లద్దాల దుకాణంలో పని చేస్తాడు. దుకాణంలో జరిగింది జరిగినట్టు ఇంట్లో చెప్పి మామగారిని నవ్వించకపోతే అతనికి పొద్దు గడవదు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గొస్తే జబ్బు లేస్తుంది అని జోకులు నిషేధించారు. పాపం, మూడు నెలల జోకులు అతని కడుపులోనే ఉండిపోయాయి.

ఆ పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి మామగారి పక్కన కూర్చుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మామయ్యా, నిన్న మా దుకాణానికి మొగుడూ పెళ్లాం వచ్చారు. ఆవిడకి కొత్త కళ్లద్దాలు పెట్టి, ‘చూడండమ్మా, అంతా స్పష్టంగా కనిపిస్తోందా’ అన్నాను. ఆవిడ తల తిప్పి మొగుడి వంక చూసింది...”

“బాబూ!” వంటింట్లోంచి గరిటె బయటికొచ్చింది. దాని వెనకే పెద్దత్తయ్య వచ్చింది. “నీకు దండం పెడతాను. ఆయన్ని నవ్వించకు.”

“నవ్వే జోకు కాదు పెద్దమ్మగారూ.”

“నీ జోకులకి మేమెవరం నవ్వం. ఆయనొక్కడే నవ్వుతాడు. అదే నా భయం.”

అక్షరాలాయన చిన్నగా నవ్వి కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురుగా బేకరీ బోర్డు కనిపిస్తోంది. పైసగం ఎర్రరంగు, కిందిసగం ఉత్త తెలుపు. ఆయన చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో ఎరుపు కూడా అక్కడే ఏటవాలుగా ఆగిపోయింది. తొమ్మిది నెలలుగా అది అలాగే ఉంది. పిల్లలు దానికి ‘సగం బేకరీ’ అని పేరు పెట్టారు.

అంతలో ‘టుప్’మంది. గుమ్మంలో బేకరీ ఆయనే నిలబడి ఉన్నాడు. చేతులకి ఇంకా పిండి అంటుకునే ఉంది.

“అన్నగారూ, అడగడానికి మొహం చెల్లడం లేదు. బిల్డింగ్ ఓనరు నిన్న వచ్చి గట్టిగా చెప్పాడు. ఈ శుక్రవారానికల్లా బోర్డు పూర్తి చేయాలట, లేకపోతే పీకేస్తాడట. ప్రింటు వేసేవాళ్లు గంటలో ఇచ్చేస్తామంటున్నారు. మీరు రాస్తానంటే మాత్రం వాళ్లతో వద్దని చెప్పేస్తాను.”

అక్షరాలాయన కుర్చీలో కొంచెం ముందుకి జరిగాడు. కుడిచేతి వేళ్లు వాటంతటవే కుంచె పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. ఆయన నోరు తెరిచేలోపే, బడికి బయల్దేరుతున్న కూతురు చెప్పులు వేసుకుంటూనే జవాబు చెప్పేసింది.

“ప్రింటే వేయించుకోండి బాబాయిగారూ. నాన్న ఇక బోర్డులు రాయరు.”

“అమ్మాయ్,” అన్నాడు తండ్రి. “నేలమీద పెట్టుకుని రాస్తానే. నిచ్చెన ఎక్కను.”

“నాన్నా, ప్లీజ్. అది పడుకుని ఉంది. ఆ రంగుల వాసనకి లేచిందంటే మళ్లీ ఆ ఆర్నెల్లూ మొదటి నుంచి పడాలి. నీకు సరదాగా ఉంటుందేమో గానీ నా వల్ల కాదు.”

‘ఇక రాయరు’ అనే మాట అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. ఇప్పుడు కాదు అన్నారు, కొన్నాళ్లు ఆగు అన్నారు. బేకరీ ఆయన శుక్రవారం దాకా చూస్తానని గొణిగి వెళ్లిపోయాడు. కూతురూ అల్లుడూ పనులకి వెళ్లారు. పెద్దత్తయ్య వెనక వరండాలో మిక్సీ పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

ఆయన లేచి బీరువా తెరిచాడు. జబ్బు ఫైలు పై అరలోనే ఉంది. తనని కుర్చీలో కూలేసిన ఆ మాట మొహం ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామనిపించింది, అంతే. వేరే ఆలోచనేదీ లేదు. కిటికీ దగ్గరికి తెచ్చి మడత విప్పాడు. మొదటి లైన్లో కూతురు పెన్సిలుతో గీత గీసిన మాట కనిపించింది. డి, ఓ, ఆర్, ఎమ్, ఏ, ఎన్, టి. ఏడక్షరాలు. ‘ఓ’ గుండ్రంగా రావాలి, ‘ఎమ్’కి కాస్త చోటు ఎక్కువ వదలాలి అనుకున్నాడు. బోర్డు మీద చూడముచ్చటగానే ఉండే మాట.

తరవాత అలవాటు కొద్దీ చుక్కలు లెక్కపెట్టాడు. బోర్డు రాసేవాడికి వాక్యం అర్థం కానక్కర్లేదు, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిస్తే చాలు. ఉత్తరంలో నాలుగు చుక్కలున్నాయి. కూతురు చెప్పిన సంగతులు మూడు. నిద్రపోతోంది, పరీక్ష చేయించుకోవాలి, ఘాటుకి దూరంగా ఉండాలి. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ నాలుగే వచ్చాయి.

నాలుగోది చిన్న వాక్యం. సరిగ్గా మడతలో పడింది. దాని చివర ఉన్న మాట మాత్రం ఆయనకి తెలుసు. ‘వెల్డింగ్ వర్క్స్’, ‘వర్క్‌షాప్’, ‘స్టీల్ వర్క్స్’ అని ఎన్ని బోర్డులు రాశాడో లెక్కే లేదు. డబ్ల్యూ, ఓ, ఆర్, కె. వర్క్ అంటే పని. ఆ ఉత్తరంలో పని గురించి ఏదో రాసి ఉంది, అదేదో తన కూతురు తనకి చెప్పలేదు. ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు.

కాసేపటికి లేచి వరండాలోకి వెళ్లాడు. “అక్కా, మేడగది తాళం ఇవ్వు.”

“ఎందుకురా?”

“ఇవ్వక్కా.”

ఇన్నేళ్లలో తమ్ముడు ఆ గొంతుతో మాట్లాడటం ఆవిడ వినలేదు. కత్తిపీట పక్కన పెట్టి తాళం ఇచ్చేసింది.

సాయంత్రం బడి నుంచి వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. రంగు వాసన! తొమ్మిది నెలల తరవాత ఆ ఇంట్లో రంగు వాసన వస్తోంది. సంచీ అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. తండ్రి ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. వేళ్లకి నల్లరంగు అంటి ఉంది.

“నాన్నా! ఏం పనిది? నీకేమైనా మతి పోయిందా? అత్తయ్యా, నువ్వెలా ఊరుకున్నావు?”

“నన్నడక్కే తల్లీ,” అంది పెద్దత్తయ్య మూలనుంచి. “మందుల సంగతేదో రాశాడనుకుంటున్నాను. మూడు గంటలు తల ఎత్తలేదు. ఒక్కసారి కూడా దగ్గలేదు. అదే నాకు ఆశ్చర్యంగా ఉంది.”

“అమ్మాయ్, గోడవైపు చూడు,” అన్నాడు తండ్రి.

గోడకి ఒక చెక్క పలక ఆనించి ఉంది. తెల్లటి రంగు మీద జానెడేసి నల్లటి అక్షరాలతో, ఒక్క వంకర లేకుండా, ఒక ఇంగ్లీషు వాక్యం. చివర చుక్కతో సహా ఉంది. మూడు నెలలుగా ఆమె మడతలో దాచిపెట్టిన లైను నడిగదిలో నిలబడి ఆమెనే చూస్తోంది.

అప్పుడే అల్లుడు లోపలికొచ్చాడు. పలక చూసి, “అబ్బ, చేతిరాత ఏమాత్రం తగ్గలేదు మామయ్యా! ఏమిటిదీ...” అంటూ చదవబోయాడు.

“నువ్వు కాదు బాబూ,” అన్నాడు అక్షరాలాయన చెయ్యెత్తి. “ఎవరిచేతనైనా చదివించుకోవాలంటే పొద్దునే వీధిలోకి వెళ్లి చదివించుకునేవాణ్ణి. నా కూతురే చదవాలి. తెలుగులో చెప్పాలి.”

బడిలో నలభైమంది పిల్లలకి ‘ఒక్క లైను కూడా వదలకుండా చదవాలి’ అని రోజూ చెప్పే టీచరమ్మ, ఆ ఒక్క లైను చదవడానికి రెండుసార్లు గొంతు సవరించుకుంది.

“ఇతను... ఇక తన మామూలు పనికి వెళ్లవచ్చు,” అంది.

“ఇంకేమైనా ఉందా?”

“లేదు.”

“మూడు నెలలమ్మా,” అన్నాడు ఆయన. కోప్పడలేదు. కోప్పడితే ఆమెకి తేలికగా ఉండేది. “ఆ కుర్చీలో కూర్చుని ఆ సగం బోర్డుని చూస్తూ, నా పని అయిపోయిందని రోజూ నాకు నేను చెప్పుకున్నాను. ఇంట్లో గిన్నె కింద పడితే ఉలిక్కిపడేవాణ్ణి. నా ఒంట్లో ఏదో పడుకుని ఉందని, పక్కకి ఒత్తిగిలాలన్నా భయపడ్డాను. ఎందుకు చేశావిలా?”

“ఎందుకంటే నువ్వు చచ్చిపోయావనుకున్నాను నాన్నా!”

ఆ కేకకి పెద్దత్తయ్య ‘ష్’ అనడం కూడా మర్చిపోయింది.

“ఆరోజు బడికి ఫోనొస్తే పరుగెత్తుకుంటూ వచ్చాను. నువ్వు కిందపడి ఉన్నావు. చొక్కా అంతా ఎర్రగా ఉంది. మెడ మీదా, చెవుల మీదా ఎరుపే. అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు గానీ ఎవరూ నిన్ను ముట్టుకోవడం లేదు. నేను నీ తల ఒళ్లో పెట్టుకుంటే నా చేతులు కూడా ఎర్రబడ్డాయి. అది రంగని తెలిసేదాకా... ఎంతసేపో నాకు తెలీదు నాన్నా. అమ్మ పోయినప్పుడు నేను దగ్గర లేను. ఈసారి దగ్గరుండి చూస్తున్నాననుకున్నాను.” ఆమె కింద కూలబడిపోయింది. “ఉత్తరం విప్పితే చివర్లో ఆ లైనుంది. అది చదివితే నువ్వు ఆ సాయంత్రమే నిచ్చెనెక్కుతావు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నోట్లోంచి ‘అంతే’ అని వచ్చేసింది. ఆ తరవాత నిజం చెప్పడానికి రోజూ అనుకున్నాను, రోజూ వాయిదా వేశాను.”

అక్షరాలాయన ముక్కుకి కట్టుకున్న రుమాలు విప్పాడు. ఆరోజు తను పడటం ఆయనకి గుర్తుంది. కూతురు ఏం చూసిందో మాత్రం ఆయనకి ఒక్కసారి కూడా తట్టలేదు. కుర్చీలోంచి దిగి, మోకాళ్లు పట్టేసినా లెక్కచేయకుండా ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

“పిచ్చితల్లీ, ‘నాకు భయంగా ఉంది నాన్నా, నిచ్చెన ఎక్కకు’ అని ఒక్కమాట చెప్పి ఉంటే ఏడాదైనా కూర్చునేవాణ్ణి కదే. నీ కోసం కూర్చునేవాణ్ణి. అప్పుడు ఆ కుర్చీ ఇంత బరువుగా ఉండేది కాదు.”

ఆ మాట విన్నాక కూతురు ఇక ఆపుకోలేకపోయింది. తండ్రి భుజం మీద మొహం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఆయన నల్లరంగు వేళ్లతోనే ఆమె తల నిమిరాడు. అల్లుడు కళ్లద్దాలు తీసి, అవసరం లేకపోయినా తుడుచుకున్నాడు.

పెద్దత్తయ్య కొంగుతో ముక్కు తుడుచుకుని అడిగింది. “అది సరేగానీ, ఇంతకీ ఈ గోలకి జబ్బు లేచిందా, లేదా?”

ఆ ప్రశ్నకి జవాబు కోసమే మర్నాడు నలుగురూ డాక్టరమ్మ గదిలో బారుగా కూర్చున్నారు. ఆవిడ అక్షరాలాయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి, ఊపిరి పీల్చమని, వదలమని, మళ్లీ పీల్చమని చాలాసేపు విన్నది. కూతురు ఆ సేపంతా ఊపిరి బిగబట్టే ఉంది.

“శుభ్రంగా ఉందండీ. మూడు నెలల కిందట రాసిందే ఇప్పుడూ చెప్తున్నాను. మీ పని మీరు చేసుకోవచ్చు. రంగుల్లో కలిపే థిన్నర్ వాడేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ఆరుబయట కూర్చుని కలుపుకోండి. నిచ్చెన మూడు మెట్లు దాటొద్దు, కింద ఎవరో ఒకరు పట్టుకోవాలి.”

“చప్పుడు చేస్తే లేస్తుందా అమ్మా?” అంది పెద్దత్తయ్య.

“ఏది?”

“అదే. పడుకున్నది.”

డాక్టరమ్మకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక బల్ల మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. “జబ్బుకి చెవులుండవు పెద్దమ్మా. హాయిగా మాట్లాడుకోండి, నవ్వుకోండి. నవ్వితే ఈయన ఊపిరితిత్తులకి మంచిదే.”

అల్లుడు అదే అదనుగా లేచి నిలబడ్డాడు. “ఆవిడ కొత్త కళ్లద్దాలతో తల తిప్పి మొగుడి వంక చూసింది మామయ్యా. అలా చూస్తూనే కళ్లద్దాలు తీసి నా చేతిలో పెట్టి, ‘బాబూ, నా పాతవి ఇచ్చెయ్యి’ అంది!”

అక్షరాలాయన మూడు నెలల నవ్వూ ఒక్కసారే నవ్వాడు. చివర్లో రెండుసార్లు దగ్గాడు. కూతురు గతుక్కుమని డాక్టరమ్మ వంక చూసింది. ఆవిడ ‘ఏం లేదు’ అన్నట్టు తల ఊపింది. అప్పుడు కూతురికి కూడా నవ్వొచ్చేసింది.

ఇంటికి నడిచి వస్తూ తండ్రి అడిగాడు. “ఇప్పుడు నిజం చెప్పు టీచరమ్మా. డార్మెంట్ అంటే ఏమిటి?”

“ఉంది గానీ ఏ పనీ చేయడం లేదని నాన్నా. నీళ్లు తగలని విత్తనానికి అంటారు. చలికి ఆకులు రాల్చేసి నిలబడిన చెట్టుకి అంటారు. చచ్చినదానికి అనరు. మళ్లీ కదలొచ్చేమో అన్నదానికే అంటారు. ఒక్కోసారి ఎప్పటికీ కదలదు కూడా. అందుకే ఆర్నెల్లకోసారి చూపించుకోమన్నారు.”

“మరి ఈ మూడు నెలలూ నేనున్నదానికో?”

“నీకు ఆ మాట వాడరు నాన్నా,” అంది ఆమె తల వంచుకుని. “నిన్ను కూర్చోబెట్టింది నేను.”

ఆయన ఆమె చేతిసంచీ అందుకుని తను మోశాడు.

శుక్రవారం పొద్దున ఆమె బడికి సగం రోజు సెలవు పెట్టింది. అక్షరాలాయన మాస్కు పెట్టుకుని సరిగ్గా మూడో మెట్టు మీద నిలబడ్డాడు. అక్షరాలన్నీ నిన్ననే నేలమీద పెట్టి రాసేశాడు. బోర్డు పైకెక్కించాక అంచుల ఎరుపు సరిదిద్దడమే మిగిలింది. నిచ్చెనని అల్లుడు పట్టుకుంటానంటే ఆమె ఒప్పుకోలేదు. రెండు చేతులతో తనే పట్టుకుంది. మొదట వేళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది. పైనుంచి తండ్రి కూనిరాగం మొదలయ్యాక పట్టు కొంచెం సడలింది. బేకరీ ఆయన లోపలికీ బయటికీ తిరుగుతూ వచ్చిన వాళ్లందరికీ బోర్డు చూపిస్తున్నాడు.

ఒక ఎర్రటి చుక్క జారి ఆమె మణికట్టు మీద పడింది. ఆమె దాన్ని కాసేపు చూసింది. అది రంగు. ఉత్త రంగు. తుడుచుకోకుండా అలాగే వదిలేసి మళ్లీ నిచ్చెన పట్టుకుంది.

“అమ్మాయ్,” పైనుంచి తండ్రి పిలిచాడు. “దూరం నుంచి చూసి చదువు. ఏదైనా వదిలేశానేమో చెప్పు.”

అల్లుడికి నిచ్చెన అప్పగించి ఆమె వీధి దాటి ఇంటి గుమ్మం దగ్గర నిలబడింది. అప్పుడే లోపల్నుంచి కాలింగ్ బెల్లు ఖంగుమంది. తువ్వాలు విప్పేసిన పెద్దత్తయ్య, పని చేస్తోందో లేదో చూడటానికి మళ్లీ మళ్లీ నొక్కుతోంది. ఆ చప్పుడుని మించి వినబడేలా టీచరమ్మ గొంతెత్తి చదివింది. దుకాణం పేరు చదివింది. రొట్టెలు, బిస్కెట్లు, కేకులు చదివింది. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుందని చదివింది. కింద మూల తండ్రి గుర్తుగా వేసుకునే చిన్న కుంచె బొమ్మని కూడా పైకే చెప్పింది.

“ఏమీ వదల్లేదు నాన్నా!” అంది.